అప్పటికే జరిగిపోయిన కబురు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదవడం, రాయడం బాగా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరు రాజోలుకు దగ్గర. అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళి అప్పటికి ఏడాది దాటింది. నాన్న అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే పనికి వెళ్ళి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. మిగిలిన రోజుల్లో అమ్మమ్మ, నేను, నాలుగేళ్ళ తమ్ముడు. అమ్మకు ఉత్తరమంటే అమ్మమ్మ చెప్పేది, నేను రాసేదాన్ని. ఐదో తరగతిలోనే పెద్ద గుమస్తానైపోయినంత గీర నాకు.

గల్ఫ్‌కు రాసే ఉత్తరాలకు మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. జబ్బుల సంగతి రాయకూడదు. చావు కబురైనా సరే, మనిషి తిరిగొచ్చాకే చెప్పాలి. దేశం కాని దేశంలో ఒంటరిగా కూర్చుని ఏడిస్తే ఓదార్చే దిక్కెవరు అనేవాళ్ళు. మా అమ్మమ్మ అయితే నెత్తిన వాన కారుతున్నా "అంతా సుఖంగా ఉన్నామని రాయవే" అనేది. నాకది అబద్ధంలా తోచేది. అయినా రాసేదాన్ని.

ఆ చలికాలంలో తమ్ముడికి జ్వరం వచ్చింది. నాలుగు రోజులైనా దిగలేదు. ఐదో రోజు పొద్దునకి వాడు కళ్ళు తెరవడం మానేశాడు. నాన్న వచ్చి వాణ్ణి భుజాన వేసుకుని అమలాపురం ఆస్పత్రికి బయల్దేరాడు. అమ్మమ్మ వెంట వెళ్ళింది. నన్ను పక్కింటివాళ్ళకు అప్పజెప్పారు. జ్వరం రాకముందు అమ్మమ్మ చెప్పి రాయించిన ఉత్తరం, స్టాంపులు అంటించిన కవరుతో సహా, ఇంకా నా పుస్తకాల సంచిలోనే ఉంది. దాని అడుగున నాలుగు వరుసలు నా అంతట నేనే చేర్చాను. తమ్ముడికి చాలా జ్వరం, పిలిస్తే పలకడం లేదు, అమలాపురం తీసుకెళ్ళారు, నువ్వు వచ్చెయ్యి అమ్మా, అని. బడికి వెళ్తూ పోస్టుడబ్బాలో వేసేశాను. అమ్మ వస్తే అన్నీ బాగైపోతాయని నా నమ్మకం.

మర్నాటి సాయంత్రానికే తమ్ముడు లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడని కబురొచ్చింది. పక్కింటివాళ్ళతో పాటు నేనూ గంతులేశాను. గంతులేస్తుండగానే ఉత్తరం గుర్తొచ్చింది.

పోస్టాఫీసుకు పరుగెత్తాను. అక్కడి మాస్టారు తలుపులు వేస్తున్నారు. ఆ ఉత్తరం వెనక్కి ఇచ్చెయ్యమని ఏడుస్తూ అడిగాను.

"నిన్ననే సంచీ కట్టేసేమమ్మా. బస్సెక్కి వెళ్ళిపోయింది. ఇంక మన చేతుల్లో ఏం లేదు," అన్నారాయన. నవ్వలేదు, విసుక్కోలేదు. అందుకే ఇంకా భయం వేసింది.

ఫోను చేద్దామంటే ఆ ఇంటి నంబరు మాకు తెలియదు. ఫోన్లు వస్తే యజమానురాలు తిడుతుందని అమ్మ ఇవ్వలేదు. టెలిగ్రామ్ ఇద్దామంటే మా దగ్గరున్నది పోస్టుబాక్సు నంబరొక్కటే. ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు పట్టేది. అన్ని రోజులూ అది అలా అమ్మ వైపు వెళ్తూనే ఉంటుంది, నేనిక్కడ చూస్తూ కూర్చోవాలి. అంత నిస్సహాయంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

పక్కింటి అక్క అమలాపురంలో డిగ్రీ చదివేది. రోజూ రాజోలు దాకా సైకిల్, అక్కణ్ణించి బస్సు. ఆ రోజుల్లో ఆవిడకు ఒకటే పిచ్చి. మనుషులు లేని నౌక ఒకటి ఆరేళ్ళు ప్రయాణించి గురుగ్రహం దగ్గరకు చేరబోతోందని పేపర్లో వచ్చిన ముక్కలన్నీ కత్తిరించి దాచేది. ఆ సాయంత్రం అరుగు మీద ముడుచుకుని కూర్చున్న నన్ను చూసి సైకిల్ గోడకు ఆనించింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఎందుకో ఆ నౌక సంగతి ఎత్తుకుంది.

"మన కాలవ వంతెన మీంచి నేను సైకిల్ దిగుతున్నాననుకో. దిగేకొద్దీ జోరెక్కుతుందా లేదా? కింద మన సందులోకి తిరగాలంటే సరిగ్గా వేళకి బ్రేకు పడాలి. పడలేదంటే సందు దాటేసి ఎటో వెళిపోతాను. దానిదీ అదే సంగతే. గురుడు లాగేస్తుంటే మహా జోరు మీద వెళ్తాది. అక్కడ నేలా లేదు, గాలీ లేదు. బ్రేకు దేనికి పట్టిస్తారు? అందుకని ఇంజన్ని ఎదరకి తిప్పి, తను వెళ్ళేవైపే మంట ఊదుతాది. ముప్పావుగంట పైన వెలగాలి. వెలిగితే గురుడు దాన్ని తన చుట్టూ తిప్పుకుంటాడు. లేదంటే దాటిపోయినట్టే."

"బ్రేకు ఎవరు నొక్కుతారక్కా?" అన్నాను.

"అందులో ఎవరుంటారే! ఏం చెయ్యాలో ముందే దానికి చెప్పి పెట్టేసేరు. అక్కడి కబురు ఇక్కడికి రావడానికే యాభై నిమిషాల పైన పడతాది. మంట వెలిగిందని మనకి తెలిసేసరికి అక్కడ ఆరిపోయి ఉంటాది కూడాను. అంత చదువులు చదివినోళ్ళూ అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే."

నాకు ఊరట కలగలేదు. కానీ నాలాగే చేతులు కట్టుకుని కూర్చునే పెద్దవాళ్ళు ఉన్నారని తెలిసి ఏడుపు కొంచెం తగ్గింది. అప్పుడు అక్క లోపలికి వెళ్ళి కాగితం, కవరు, ఎర్ర పెన్ను తెచ్చింది. తమ్ముడు బాగున్నాడని ఇంకో ఉత్తరం రాయించింది. అంటించాక కవరు పైన కూడా పెద్ద అక్షరాలతో అదే మాట రాయమంది. రెండు ఉత్తరాలూ ఒకే కట్టలో అందితే అమ్మ ఏది ముందు విప్పుతుందో మనకు తెలియదు కదా, విప్పకముందే కంటపడాలి అంది.

కొద్దిరోజులకు అక్క పేపరు ఊపుకుంటూ సైకిల్ బెల్లు మోగిస్తూ వచ్చింది. "పట్టేసుకున్నాడే! గురుడు పట్టేసుకున్నాడు!" మొదటి చుట్టు తిరగడానికే ఏడు నెలలు పడుతుందట. ఆవిడ ఆనందం చూస్తే నాకు కుళ్ళు పుట్టింది. ఆవిడ కబురు వచ్చేసింది, నాది రాలేదు.

నెల దాటాక అమ్మ జవాబు వచ్చింది. తమ్ముడు కోలుకున్నందుకు సంతోషం, అమ్మమ్మ మాట వినండి, అంతే. రెండూ కలిసే అందాయని నమ్మి నేను నిశ్చింతగా ఉండిపోయాను.

ఏడాదిన్నర తర్వాత అమ్మ తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం నాకు జడ వేస్తూ మాటల్లో చెప్పింది. రెండు ఉత్తరాల మధ్య తొమ్మిది రోజులు గడిచాయట. ఇంటికి పంపమని యజమానురాలి కాళ్ళు పట్టుకుందట. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది, పని ఒప్పందం గడువు తీరలేదన్నారట. పిల్లాడు ఉన్నాడో పోయాడో తెలియకుండా తొమ్మిది రోజులు ఆ ఇంటి బట్టలు ఇస్త్రీ చేసింది. ఆ తొమ్మిది రోజులూ తమ్ముడు ఇక్కడ పెరట్లో బాతుల వెంట పరుగెడుతున్నాడు.

నేను తల తిప్పలేకపోయాను. "చిన్నదానివి, నీకేం తెలుసే," అని అమ్మ జడ బిగించింది.

చాలా ఏళ్ళకు, నేను అమలాపురంలోనే నర్సుగా చేరాక, ఒక పత్రికలో ఆ నౌక గురించి చదివాను. అది ఒంటరిగా వెళ్ళలేదు. తనతో ఒక చిన్న నౌకను మోసుకెళ్ళి, చేరడానికి ఐదు నెలల ముందే విడిచిపెట్టింది. తను చేరిన రోజే ఆ చిన్నది గురుగ్రహం మేఘాల్లోకి పడిపోయింది. పెద్దది పైనుంచి దాని మాటలు వింటూ ఉంది. దాదాపు గంట తర్వాత, లోపలి వేడికి, ఒత్తిడికి ఆ మాట ఆగిపోయింది. వినడం తప్ప పెద్దదానికి చేయగలిగిందేమీ లేదు. ఆ తర్వాత తన వేళకు తాను ఇంజను వెలిగించుకుని బ్రేకు వేసుకుంది. ఆ పేజీ పట్టుకుని డ్యూటీ గదిలో ఏడ్చాను.

అక్క ఇప్పుడు రామచంద్రపురంలో కాలేజీలో పాఠాలు చెబుతోంది. కిందటేడు ఒక పెళ్ళిలో కలిస్తే, అప్పుడు ఆ చిన్నదాని సంగతి నీకు తెలియదా అని అడిగాను.

"ఆయ్, తెలుసే. ముందు అదే చెబుదామనుకున్నాను. నీ మొహం చూసి బ్రేకు దగ్గర మొదలెట్టేను," అంది.

మా వార్డు బయట బెంచీ మీద రోజూ ఎవరో ఒక తల్లి కూర్చుని ఉంటుంది. లోపల జరగవలసింది జరిగిపోయే ఉంటుంది, ఆవిడకు ఇంకా తెలియదు. ఒకప్పుడు నేను తలుపు దగ్గర నిలబడే గబగబా చెప్పేసేదాన్ని. ఇప్పుడు వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఏదీ దాచను. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం ఆవిడ మొహం చూశాకే నిర్ణయించుకుంటాను.