క్యాసెట్‌లో పట్టని పాట

తెలంగాణ ఉద్యమం రోజులు. హైటెక్ సిటీకి వెళ్లే మా లోకల్ రైలు రైల్ రోకోతో బోరబండలో ఆగిపోయింది. నాది గుంటూరు. నోరు విప్పితే యాస తెలిసిపోతుందని ఎవరితోనూ మాట్లాడలేదు. కాలేజీ రోజుల్లో హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న క్యాసెట్‌లో అరిగేదాకా విన్న ఒక డెన్మార్క్ రాక్ బృందం పాటను కూనిరాగం తీస్తూ కూర్చున్నాను. ఆ బృందం పేరు కూడా మరిచిపోయాను.

నేను ఆపిన చోట ఎదుటి సీట్లోని పెద్దాయన అందుకున్నాడు. ఆయన చొక్కాకు జై తెలంగాణ బ్యాడ్జీ ఉంది. ఆయన పాడిన భాగం నేనెన్నడూ వినలేదు.

"కోఠిల క్యాసెట్లల్ల పాటలు నింపేటోణ్ణి సార్. ఈ రికార్డు పట్నం మొత్తంల నా ఒక్కని దగ్గరనే ఉండె. పాట పెద్దది, క్యాసెట్ల పట్టకపోయేది. గక్కడ కట్ చేసేటోణ్ణి. మీరు గక్కడనే ఆగిన్రు."

"మిగతాది నేర్పిస్తారా అండీ?" అన్నాను, యాస సంగతి మరిచిపోయి.

ఆయన నవ్వాడు. "రైలు ఇప్పట్ల కదలదు. జర నాతోని పాడుండ్రి."

కిటికీ చువ్వ మీద తాళం వేస్తూ, తప్పిన చోటల్లా మళ్లీ పాడించాడు. దిగేముందు బృందం పేరు నా టికెట్ వెనక రాసిచ్చాడు.

తర్వాత ఇంటర్నెట్‌లో వెతికితే పాట మొత్తం దొరికింది. చివరి భాగం ఆయన నేర్పినట్టు లేదు. నేను మాత్రం ఇప్పటికీ ఆయన పాడినట్టే పాడుకుంటాను.