శివారు తూము మీద అర్జీ

పోయిన మాఘంలో మా అన్నగారు పోయారు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నారుపోతల కాలం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ఆయన మా ఊరి బడిలో పంతులు. మా పొలం పంటబోదె అనే పిల్లకాలువ చివర, శివారులో ఉంది. ఆనకట్ట కట్టాక, కాలువలు వచ్చాక ఇక్కడ అందరికీ నీళ్ళేనని బయటివాళ్ళు అనుకుంటారు. శివారువాళ్ళకు మాత్రం పైవాళ్ళు వదిలితేనే వచ్చేవి. మాకు పైన ఒక తూము ఉంది. దాని తలుపు ఎత్తాలన్నా దించాలన్నా గ్రామ మునసబు మాటే. ఆయన చేలు తూముకు ఎగువన ఉన్నాయి. అవి నిండి గట్టు పొర్లేదాకా తలుపు లేచేది కాదు.

ఒక ఏడు మా నారుమడి బీటలు వారడం మొదలైంది. నారు పోతే ఆ ఏటికి పంట లేదు. అన్నగారు తాలూకా కచేరీలో మునసబు మీద అర్జీ పెట్టారు.

అప్పటి పద్ధతి ప్రకారం, ఎవరి మీద అర్జీ పెడితే అది వారికే వచ్చేది, సంజాయిషీ ఇమ్మని. మునసబుకు సంతకం మించి రాయడం రాదు. రాసిపెట్టవలసిన కరణంతో ఆయనకు మాటల్లేవు. అంతవరకూ ఆయన కాగితాలన్నీ రాసింది మా అన్నగారే. అందుచేత ఆ అర్జీ చేత పట్టుకుని ఒకనాడు పొద్దున్నే మా ఇంటికే వచ్చారు.

"ఏమండీ పంతులుగారూ, నా మీద బాగానే రాశారండి. కచేరీ గుమాస్తా చదివి వినిపిస్తుంటే నాకే నా మీద కోపం వచ్చింది," అంటూ అరుగు మీద కూర్చున్నారు. "దీనికి జవాబు కావాలట. కాస్త రాసిపెట్టండి."

లోపల్నుంచి మా వదిన, "అడగడానికి నోరెలా వచ్చిందో!" అంది, వినపడేటట్టే.

"మరెవరినడగనమ్మా? కరణాన్ని అడిగితే నన్ను ఉరి తీయమని రాస్తాడు."

అన్నగారు కలం తీశారు. "చెప్పండి."

"శివారుకు నీళ్ళు వేళకు అందుతున్నాయని రాయండి."

అన్నగారు ఒకసారి తలెత్తి చూశారు. తరువాత అలాగే రాశారు. మునసబు సంతకం పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళారు.

"మీ చేత్తోనే మీ నోట్లో మట్టి కొట్టుకున్నారు," అంది వదిన.

"ఆయన మాట ఆయనది, నా మాట నాది. చదివేవాళ్ళకు రెండూ తెలియాలి కదా," అన్నారు అన్నగారు. పై అధికారులు చదువుతారని, చదివితే తేలుస్తారని ఆయన నమ్మకం.

తాసిల్దారు విచారణకు వచ్చారు. వచ్చిన అధికారికి బస, భోజనం చూడవలసింది మునసబే. అది ఆయన ఉద్యోగంలో భాగం. భోజనమయ్యాక తాసిల్దారు బోదె గట్టు మీదికి నడిచారు. ఆ తెల్లవారే తూము తలుపు లేచింది. బోదె నిండుగా పారుతోంది. మా నారుమడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

తాసిల్దారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. "రెండూ ఒకే దస్తూరీలా ఉన్నాయేంటి?"

"రెండూ నేనే రాశానండి," అన్నారు అన్నగారు.

"మరి ఏది నిజమండీ?"

"జవాబు రాసిననాడు అది అబద్ధమండి. ఇవాళ నిజమండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తాసిల్దారూ నవ్వారు. ఫిర్యాదుకు ఆధారం లేదని రాసుకుని వెళ్ళారు. మర్నాటికి తలుపు దిగింది. నారు మాత్రం బతికింది.

"ఊడ్పులకు మళ్ళీ నీళ్ళు కావాలిగా," అంది వదిన. "ఇంకో అర్జీ రాయండి. జవాబు కూడా ఇప్పుడే రాసి ఉంచండి, పాపం ఆయనకు తిరిగే పని తప్పుతుంది."

అన్నగారు మళ్ళీ రాశారు. మునసబు మళ్ళీ వచ్చారు. విచారణకు ఎవరో ఒకరు వచ్చిననాడు తూము లేచింది. తరువాతి ఏళ్ళలోనూ అంతే. శివారు రైతులందరూ నారుపోతలకూ ఊడ్పులకూ ఆయన చేత అర్జీ రాయించుకునేవారు. కచేరీలో ఆయనకు అబద్ధపు అర్జీల పంతులని పేరు వచ్చింది. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

పెద్దకర్మ నాడు మునసబు వచ్చి అరుగు మీద తన పాత చోటునే కూర్చున్నారు. లేచేటప్పుడు నాతో, "ఇక నా కాగితాలు ఎవరు రాస్తారండీ?" అన్నారు.

ఈ ఏడు అర్జీ నేను రాశాను. అన్నగారు వాడిన మాటలే వాడాను. అది మునసబుకు చేరిందని తెలిసింది. రోజూ పొద్దున్నే కలం, కాగితం అరుగు మీద పెడుతున్నాను. ఆయన రాలేదు. మంచాన పడ్డారని కొందరు, కరణంతో రాజీ అయ్యారని కొందరు అంటున్నారు. జవాబు వెళ్ళకపోతే విచారణ లేదు. విచారణ లేకపోతే తూము లేవదు.

"ఆయన రాకపోతే నువ్వే వెళ్ళవయ్యా. జవాబు రాసిపెడతానని చెప్పు," అంది వదిన.

నిన్న నారుమడి చూసి వచ్చాను. రేపు పొద్దున్నే మునసబు ఇంటికి వెళ్తాను.