గాజులమ్మ కుడిచెయ్యి

నాగమణమ్మ చేతిలో గాజు పగలడం లాడ్‌బజార్ వెనక గల్లీలో అంతవరకూ ఎవరూ చూడలేదు. ఎంత బొద్దు చెయ్యి అయినా సరే, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర ఎముకలు ఎంతవరకు ఒదుగుతాయో తన వేళ్లతోనే కనిపెట్టి, మాటల్లో పెట్టి గాజు దాటించేసేది. గాజులు ఎక్కడ కొన్నా, వేయించుకోవడానికి ఆమె దుకాణానికే వచ్చేవాళ్లు. ఆఖరి గాజు వేశాక ఆ చేతిని కళ్లకద్దుకుని, "నిండు ముత్తైదువవై నూరేండ్లు బతుకు బిడ్డా" అనడం అత్తగారి దగ్గర నేర్చుకున్న మర్యాద. బుర్ఖాలో వచ్చే పిల్లలకైనా అదే దీవెన.

పెళ్లిళ్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం, నిఖా పిల్లకు వేస్తున్న ఆకుపచ్చ గాజు ఆమె చేతిలో చిట్లింది. రక్తం చూసి పిల్ల తల్లి కేక పెట్టింది.

"హాయ్ అల్లా, ఖూన్ ఆరా! అమ్మా, ధ్యాన్ కిధర్ హై ఆప్‌కా?"

పిల్లకు చిన్న గాటే. నాగమణమ్మ కుడి అరచేతిలో మాత్రం గాజు పెంకు నిలువునా దిగి ఉంది. ఆమెకు తెలియనే లేదు. ఎదుటివాళ్లు చూపిస్తే అప్పుడు చూసుకుంది.

కూతురు మనస్విని సైదాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. తల్లిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయ్యాక ఆయన కాగితాలు పక్కన పెట్టి, "నరాలు శుభ్రంగా ఉన్నాయి. విశ్రాంతి ఇవ్వండి" అన్నాడు. జహనుమాలోని ఇంటికి వచ్చాక మనస్విని తల్లిని కళ్లు మూసుకోమని, పిన్నీసు మొనతో మోచేతి నుంచి కిందికి తాకించుకుంటూ వచ్చింది.

"ఆ. ఆ. ఆ," అంటూ వచ్చిన నాగమణమ్మ మణికట్టు దగ్గర ఆగిపోయింది. కాసేపయ్యాక, "ఏందే, గుచ్చుతలేవు?" అంది.

మనస్విని గుచ్చుతూనే ఉంది.

మణికట్టు చుట్టూ గీత గీసినట్టు, గాజులు కూర్చునే చోట స్పర్శ ఆగిపోయింది. నరాలు అలా గుండ్రంగా ఆగవు. ఈ బొమ్మను ఆమె ఏటా క్లాసులో బోర్డు మీద వేస్తుంది. చేతికి తొడుగు వేసినట్టు మొద్దుబారే జబ్బు, నరంలో ఏ లోపమూ దొరకక పారిస్‌లో, వియన్నాలో డాక్టర్లు తలలు పట్టుకున్న జబ్బు. మనసు చెప్పుకోలేనిది ఒళ్లు చెబుతుందని, నోటితో చెప్పిస్తే ఒళ్లు వదిలేస్తుందని వియన్నాలో ఒకాయన నమ్మిన రోజుల నుంచే ఆ పాఠం ఊపందుకుంటుంది. పిల్లలు చెవులు రిక్కించి వినేదీ అక్కడే. జర్మనీలో మొట్టమొదటి ప్రయోగశాల పెట్టి, గంట చప్పుడు వింటే లోపల ఏమనిపిస్తోందో మనుషుల్ని అడిగి రాసుకున్నారంటే ఆవలిస్తారు. లోపలి సంగతి ఎవడు చూశాడు, బయటికి కనిపించే నడతే లెక్క అన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కుక్క, గంట, లాలాజలం అని ముందే అరుస్తారు. మనిషిని తప్పొప్పులు ఎంచకుండా వింటే చాలు, తనే నిలబడతాడన్నవాళ్లూ, మెదడు లెక్కలు వేసే తీరు చూడాలన్నవాళ్లూ ఆఖరి వారంలో పరిగెత్తి పోతారు. పోయినేడు ఒక పిల్ల లేచి, "మేడమ్, ఇందుల ఏది రైటు?" అంది. "ఒక్కొక్కటీ ఒక్కో కిటికీ అమ్మా" అని చెప్పి, ఆ జవాబుకు తనే మురిసిపోయింది మనస్విని.

ఇప్పుడు ఏ కిటికీ తెరిచినా అవతల అమ్మే కూర్చుని ఉంది, చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

కారణం ఎక్కడుందో ఆమెకు అనుమానం లేకపోలేదు. గాజు పగలడానికి వారం ముందు పక్కింటి అమల మొగుడి పదో రోజు అయింది. బండి మీద వస్తుంటే లారీ తగిలి పోయాడు. పెళ్లికి గాజులు వేసిన చెయ్యే ఆఖరిసారీ నిండుగా వెయ్యాలని, తర్వాత వాటిని చిట్లగొడతామని పెద్దవాళ్లు కబురు పెడితే నాగమణమ్మ వెళ్లింది. మనస్విని ఆ రోజు పేపర్లు దిద్దుతూ కాలేజీలో ఉంది.

"ఆనాడు ఏమైందమ్మా?"

"ఏమైతది? ఏసిన, వచ్చిన."

"మనసుల ఏమున్నా చెప్పు. నేనేం అనను."

"నీ ఫికర్ నాకెరుకే. పో, కూర మాడుతున్నది."

కౌన్సెలర్ దగ్గరికి పోదామంటే, "పిచ్చి దవాఖానకా? గల్లీల తలెట్లెత్తుకోవాలె?" అంది. రోజూ పెద్ద సైజు గాజుతో కొంచెం కొంచెం అలవాటు చేయిస్తూ, బాగా చేశావని మెచ్చుకుంటుంటే రెండో పూటకే నవ్వేసింది. "ఏం బిడ్డా, గంట గూడ కొడుతవా? నన్ను కుక్కను జేస్తున్నవు." ఆ కుక్క కథ ఆమెకు చెప్పింది కూతురే. ఇద్దరూ నవ్వారు. చెయ్యి మాత్రం అలాగే ఉంది. దుకాణానికి వచ్చినవాళ్లు కూర్చోబోయి, ఆ సంగతి గుర్తొచ్చి, గాజులు పొట్లం కట్టించుకుని పోతున్నారు.

ఇక ఆగలేక మనస్విని అమలను దుకాణానికి రమ్మంది. వట్టి చేతులతో వచ్చి, నాగమణమ్మ ఎదురుగా కూర్చుంది అమల.

"చిన్నమ్మా, గాజులెయ్యి."

నాగమణమ్మ ముఖం పాలిపోయింది. "ఎవరు పంపిన్రే నిన్ను?"

"నేనే వచ్చిన. ఆనాటి సంది నువ్వు మా గడప తొక్కలేదు. ఆ మాటకేనా?"

"ఏ మాట?" అంది మనస్విని.

అమల నాగమణమ్మ వంక చూసి, మెల్లగా చెప్పింది. "ఆఖరి గాజు ఏసినంక నా చెయ్యి కండ్లకద్దుకున్నది. ఎప్పటిలెక్కనే నోట్లకెంచి వచ్చేసింది. నిండు ముత్తైదువవై నూరేండ్లు..." ఆగింది. "మా అత్త లొల్లి లేపింది. శవం లేసిన ఇంట్ల ఎకసెక్కాలా అని. చిన్నమ్మ చెయ్యి ఇడిసిపెట్టి ఉరికింది."

నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

"ఏడువకు చిన్నమ్మా. ఆ దినం అందరు నన్ను ఏదో ఒకటి అన్నోళ్లే. నువ్వొక్కదానివే దీవించినవు."

దాచింది బయటికి వచ్చింది. చెప్పాల్సిన మనిషే చెప్పింది, ఏడవాల్సిన మనిషి ఏడ్చింది. పుస్తకంలో అయితే చెయ్యి తిరిగొచ్చేది ఇక్కడే. మనస్విని తల్లి కుడి అరచేతిని తన వేలితో గట్టిగా నొక్కింది.

"అమ్మా, తెలుస్తున్నదా?"

నాగమణమ్మ కూతురి ముఖంలోకే చూస్తూ, "ఏది?" అంది.

బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నాగమణమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇంకేమన్న ఉన్నదానే నీ పుస్తకంల?"

చాలా ఉంది. ఒకరు చెప్పింది తప్పని మరొకరు రాసిందే నూరేళ్ల పైచిలుకు ఉంది. మనస్విని అమ్మ అరచేతిని వదిలేసింది.

"పిల్ల వట్టి చేతులతోని పోవద్దు. నువ్వెయ్యి," అంటూ నాగమణమ్మ ఎడమచేత్తో నీలం గాజుల వరస ముందుకు తోసింది. గాజులమ్మ కడుపున పుట్టి, చదువు ధ్యాసలో పడి మనస్విని ఏనాడూ ఎవరికీ గాజు వెయ్యలేదు. అమల చెయ్యి పట్టుకుని, బొటనవేలు మడిచి, గాజును ఎక్కించింది. కణుపుల మీద ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. అమల పెదవి కరుచుకుంది.

"ఒత్తకు, పలుగుతది. ఎముక ఒదిగినంక తొయ్యాలె."

"ఒదిగింది ఎట్ల తెలుస్తదమ్మా?"

నాగమణమ్మ చెప్పబోయి ఆగింది. కుడిచేతి వేళ్లను గాలిలో ఒకసారి ముడిచి, విప్పి, వాటి వంకే చూసుకుంది. అన్నేళ్లూ ఎట్లా తెలిసేదో ఆమెకు మాటల్లో దొరకలేదు. అమల గాజు ఇరుక్కున్న చెయ్యి చాపి, వాళ్లిద్దరిలో ఎవరో ఒకరు దాన్ని కదిలిస్తారేమోనని అలాగే కూర్చుంది.