మా వదినకు చీర కట్టించాలంటే

మా అన్నకు ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక. మా వైపు ముసలివాళ్ళు నలుగురు చేరితే ఇప్పటికీ ఆయన కథే చెప్పుకుంటారు. తుంగభద్ర రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతుంటే, సారా పోసిన తోలు తిత్తులు పళ్ళతో కరచుకుని ఈదిన మొనగాడట. పోలీసులు తుపాకీ పేలిస్తే గుండు పక్కకు తప్పుకుందట. గుండుకు కూడా మర్యాద తెలుసన్నమాట. నేను ఆయన తోడబుట్టిన చెల్లెల్ని. ఆయన నడుముకు ఎండిన సొరబుర్రలు రెండు కట్టుకుని, పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో, నడిమధ్యన కూర్చుని, రెండు చేతులతో అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏరు దాటేవాడు. ఆ సంగతి నాతో ఆయనే చెప్పాడు.

తెల్లవాళ్ళు పోవడానికి కొంచెం ముందు మా తాలూకాల్లో సారా, కల్లు బందు చేశారు. ఏటికి అవతల నైజాం రాజ్యం. అక్కడ దుకాణాలు పట్టపగలే తెరిచి ఉండేవి. ఇటు తప్పు, అటు ఒప్పు, మధ్యలో నీళ్ళు. మా ఊరు ఎమ్మిగనూరుకు ఉత్తరాన, ఏటికి దగ్గర. వాన లేక చేను ఎండిన మనిషి ఆ నీళ్ళ వైపు చూడకుండా ఎన్నాళ్ళు ఉంటాడు? మా అన్నా చూశాడు. పుట్టి నడిపేవాళ్ళతో కలిసి అవతల నుంచి సారా తెచ్చి, పత్తి బండ్ల అడుగున దాచి ఆదోనికి చేర్చడం మొదలుపెట్టాడు. అప్పటికే నాకు పెళ్ళయింది. ఆదోనిలో పత్తి జిన్నులో చెత్త ఏరే పనికి పోయేదాన్ని. ఒక్కోసారి మూట విప్పితే పత్తి గుప్పున సారా వాసన కొట్టేది. "మీ అన్న బండి వచ్చినట్లుంది మే" అని పక్కనున్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

ఆయన మంచి చెయ్యలేదని అనను. జొన్నలు దొరకని ఏడాది నాలుగు ఇళ్ళకు ఇచ్చాడు. అందులో రెండిళ్ళు ఆయన సరుకు దాచే ఇళ్ళే. జనం నోట్లో పడి ఆ నాలుగిళ్ళు నలభై ఇళ్ళయ్యాయి, తరువాత నాలుగు ఊళ్ళయ్యాయి. నోరు ఊరికే ఉంటుందా?

రెండో ఏడు శ్రావణంలో పుట్టి బోల్తా పడింది. నడిపినవాడు ఎట్లాగో ఒడ్డుకు చేరాడు. మా అన్న కనిపించలేదు. వారం తరువాత ఒక సొరబుర్ర, తెగిన తాడుతో, రాళ్ళ మధ్య దొరికింది. శవం దొరకలేదు. దొరికి ఉంటే ఆ పూట ఏడ్చి ఊరుకునేవాళ్ళం. దొరకలేదు కాబట్టి కథ పుట్టింది. నీళ్ళ అడుగున నడిచి అవతల తేలాడన్నారు. జొన్నగిరిలో బంగారం తవ్వుతున్నాడని ఒకరు, హాలహర్వి దగ్గర బైరాగి వేషంలో కనిపించాడని ఇంకొకరు. మా అమ్మ ఆ మాటలన్నీ నమ్మింది. పొద్దున రొట్టెలు తట్టేటప్పుడు ఒకటి ఎక్కువ తట్టేది. మధ్యాహ్నం దాటాక దాన్ని మా వదినే తినాల్సి వచ్చేది.

మా వదినకు అప్పుడు ఇరవై దాటి రెండేళ్ళో మూడేళ్ళో. పిల్లలు లేరు. రోజూ ఎమ్మిగనూరుకు నడిచిపోయి, నేసేవాళ్ళ ఇళ్ళలో కండెలు చుట్టి వచ్చేది. నెలకొకసారి పోలీసులు వచ్చి కుండలు బోర్లించి పోయేవాళ్ళు. సంతలో తెలియని మగవాళ్ళు ఆమెను వేలెత్తి చూపించేవాళ్ళు. కొందరైతే దగ్గరకొచ్చి, "అన్నకు మా దండం సెప్పమ్మా" అని కన్ను కొట్టేవాళ్ళు. బొట్టు ఉంది, తాళి ఉంది, మగడు లేడు.

మా వాళ్ళలో మారుమనువు ఉంది. మగడు పోతే, పెద్దలు కూర్చుని ఆ పిల్లకు కొత్త చీర ఇచ్చి ఇంకొకరి ఇంటికి పంపుతారు. మగడు బతికి ఉంటే మాత్రం ఆయనే వచ్చి "విడిచినాను" అని నలుగురిలో చెప్పాలి. ఆదోనికి పత్తి తోలే బండాయన ఒకడు, భార్య పోయి ఇద్దరు చిన్నపిల్లలతో అవస్థ పడుతున్నవాడు, మా వదినను అడిగాడు. ఉగాది దాకా చూస్తానన్నాడు. పిల్లలకు వండిపెట్టే దిక్కు లేదు, అంతకు మించి ఆగలేడు. పెద్దలు ఒప్పుకోలేదు. "మొగుడు బతికుండాడని ఊరూరా సెప్తాండారు. బతికుండేవాని పెండ్లానికి సీర ఎట్ల కట్టిస్తాం తల్లీ? ఆయప్పనన్నా తెండి, సచ్చినాడని సాచ్చికమన్నా తెండి" అన్నారు.

పీర్ల పండుగకు నేను ఊరికి పోయినప్పుడు వదిన నన్ను దొడ్లోకి పిలిచింది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

"నాకు మొగుడన్నా కావల్ల, ముండమోపితనమన్నా కావల్ల. ఈ కత నాకొద్దు" అంది.

"ఆ బండాయన మంచోడేనా వదినా?" అన్నాను.

"ఏమో. నాతో మాట్లాడేటప్పుడు నా మొగం సూసి మాట్లాడతాడు. తక్కినోళ్ళంతా నా ఎనక ఎవరన్నా ఉండారేమోనని సూస్తారు."

ఆ తరువాత కొన్నాళ్ళకు ఆదోనిలో ఒక హమాలీ, మా ఊరి పక్క ఊరివాడు, నాతో గుట్టుగా ఒక మాట అన్నాడు. రాయచూరు స్టేషన్ దగ్గర సారా దుకాణంలో మా అన్న గ్లాసులు కడుగుతున్నాడట. అందరి మాటల్లోనూ అన్న గొప్పగానే ఉన్నాడు, ఈ ఒక్క మాటలో గొప్ప లేదు. అందుకే నమ్మాను. నైజాం రాజ్యం అప్పటికి పోయింది, రైళ్ళు మామూలుగా తిరుగుతున్నాయి. జిన్నుకు ఒక పూట సెలవు చెప్పి, ఒక్కదాన్నే బండెక్కాను.

ఉన్నాడు. దుకాణం పక్క సందులో తొట్టి ముందు గొంతుకూర్చుని గ్లాసులు తోముతున్నాడు. నన్ను చూసి ముందు వీధి ఆ చివర, ఈ చివర చూశాడు. వెనక ఎవరూ లేరని తెలిశాక నవ్వాడు.

"ఒక్కదానివే వచ్చినావా? ఆడ నా గురించి ఏమనుకుంటాండారు మే?"

అమ్మ ఎట్లా ఉందని కాదు. పెళ్ళాం ఏం తింటోందని కాదు. రెండేళ్ళ తరువాత కనిపించిన చెల్లెల్ని మొదట అడిగిన మాట అది. నేను చెప్పాను. గుండు తప్పుకున్నదీ, నీళ్ళ అడుగున నడిచినదీ అన్నీ చెప్పాను. వింటూ చేతిలో గ్లాసు మరచిపోయాడు. ఆ ముఖం అంత వెలగడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు.

అప్పుడు వదిన సంగతి ఎత్తాను. "ఒక్క దినం రా అన్నా. ఇడిసినానని పెద్దమనుసుల ముందర ఒక్క మాట సెప్పు. అంతే."

"వస్తే జైల్లో ఎయ్యరా?" అన్నాడు. తడిసి ముడతలు పడిన తన చేతులు చూసుకున్నాడు. "జైలైనా ఒక రకం. ఈ పని సేస్తాండానని తెలిస్తే నా మొగాన ఊస్తారు."

"అట్లయితే సచ్చిపోయినావని సెప్తా."

"నీళ్ళల్ల మునిగి సచ్చినాడని మటుకు అనొద్దు మే. యాడికో పోయినాడు, మళ్ళా వస్తాడు అను. జనం అనుకుంటాండారు గదా, అనుకోనీ."

అన్న మీద కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఒళ్ళంతా నీరసం కమ్మింది. పొద్దున్నుంచి జిన్నులో నిలబడి ఇంటికి వచ్చినప్పుడు కూడా అంత అలసట ఎరగను. ఆయన టీ తెప్పిస్తానన్నాడు. వద్దని వచ్చేశాను.

ఉగాదికి ఇంకా పది రోజులుందనగా పెద్దమనిషి కళ్ళంలో అందరూ కూర్చున్నారు. నేను లేచి చెప్పాను. ఏటికి అవతలి జాలరివాళ్ళను అడిగాననీ, ఆ శ్రావణంలోనే ఒక శవం ఒడ్డుకు వస్తే ఇసుకలో పూడ్చిపెట్టామన్నారనీ, ఎడమ చేతి మీద మా అన్నకున్నట్టే కాలిన మచ్చ ఉందన్నారనీ. "నీళ్ళల్ల మునిగి సచ్చినాడు. మా అన్నకు ఈత రాదు" అన్నాను.

గోలైపోయింది. మా అన్నను ఒక్కసారి కూడా చూడనివాళ్ళే ఎక్కువ అరిచారు. "మా మనిషి అట్ల సచ్చేటోడు కాదు" అని ఒకాయన పైగుడ్డ దులిపి లేచిపోయాడు. పోలీసులే నాతో అట్లా చెప్పిస్తున్నారని ఇంకొకాయన. పెద్దమనిషి మాత్రం దీపం తెప్పించాడు. దాన్ని ఆర్పి ప్రమాణం చెయ్యమన్నాడు. మా వైపు దీపమార్పి అబద్ధమాడితే వంశం నిలవదంటారు. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు. వదిన నా వైపు చూడలేదు, నేల చూస్తోంది. నేను దీపం ఆర్పాను.

అంతటితో మా వదిన గాజులు పోయాయి, చీర వచ్చే దారి పడింది. ఆ సంతోషం నాకు దక్కలేదు, ఎందుకంటే మా అమ్మ ఆ కళ్ళంలోనే ఒక మూలన కూర్చుని ఉంది. ఒక కోడలి బతుకు కోసం తల్లి దగ్గర కొడుకును లాక్కున్నాను. ఆమె గుండె పగిలేలా ఏడుస్తుందని, నన్ను శపిస్తుందని ఎదురుచూశాను. అమ్మ లేచి ఇంటికి నడిచింది.

చావు కబురు విన్నాక తలమీద నీళ్ళు పోసుకోవాలి. దొడ్లో బండ మీద అమ్మ కట్టుకున్న చీరతోనే కూర్చుంది. నేను కుండలో నీళ్ళు ముంచి పోస్తున్నాను. మూడు చెంబులు పోశాక చేయి అడ్డం పెట్టి ఆపింది. వాకిట్లో ఎవరైనా ఉన్నారేమో చూసింది. ఎవరూ లేరు.

"మనిషి బాగా చిక్కినాడా?" అంది.

ఆమెతో ఇంక అబద్ధం ఆడలేకపోయాను.

"కొంచెం చిక్కినాడమ్మా."

అమ్మ ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"సరే, నీళ్ళు పొయ్యి" అంది. "అయినాక మీ వదినను గూడ పిలువు. పోసుకొని పోతాది."