ఎంగిలి తగలని సింకు

చిత్తూరులో అమ్మ ఇంటికి అద్దెకు రాబోయేవాళ్ళు వంటింట్లో కొత్త సింకు కావాలన్నారు. మొన్న ప్లంబరు వచ్చి పాత సింకు కింద రేకు అలమారా తలుపు లాగగానే తుప్పు వాసనా, ఏళ్ళ తరబడి అక్కడి జాడీల్లో ఊరిన మామిడికాయల ఉప్పు వాసనా కలిసి ముక్కుకు కొట్టాయి. అమ్మ పోయి ఏడాది దాటినా ఆ వాసన పోలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ దొడ్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టుతో ఎముక అతుక్కుంది గానీ మోకాలు మాత్రం మునుపటిలా మడత పడలేదు. నిలబడి అంట్లు తోముకుంటుందని నాయన వెల్డింగు షాపులో అలమారా చేయించి, దాని మీద తళతళలాడే స్టీలు సింకు పెట్టించాడు. మా అవ్వ, అంటే నాయన తల్లి, కొళాయికి పసుపు రాసి బొట్టు పెట్టి, ఆ వెంటనే తీర్పు కూడా చెప్పేసింది.

"పొయ్యి ఉండే సోట ఎంగిలి కంచాలా? బియ్యం కడుక్కో, ఆకుకూర కడుక్కో. అంట్లు మాత్రం బయటనే."

వీధిలో అందరి మీదా గొంతు లేపే నాయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అలా వేసవిలో మామిడికాయలు ఆ సింకులో చల్లగా స్నానాలు చేస్తుంటే, అమ్మ దొడ్లో బండ మీద ఒక కాలు చాపుకుని కూర్చుని, ఎండి అతుక్కుపోయిన సంగటిని కొబ్బరిపీచుతో గీకుతుండేది. చూడలేక ఒక మధ్యాహ్నం, అవ్వ కునుకు తీస్తుండగా, నా కంచం సింకులో కడిగేశాను. లేచిన అవ్వకు సింకు జాలీలో సంగటి మెతుకు కనబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ చేత వంటిల్లంతా కడిగించి, తలస్నానం చేయించి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించనిచ్చింది. సాయంత్రానికి అమ్మ కాలు వాచిపోయింది. కాపడం పెడుతూ నేను ఏడుస్తుంటే అమ్మ అంది:

"ఇంగెప్పుడూ నాకు సాయం చేయబాకమ్మా."

చేయలేదు. అవ్వ పోయాక మాత్రం, ఇక అడిగేవాళ్ళెవరు, లోపలే తోముకోమని ఎన్నిసార్లు బతిమాలానో. "మీ అవ్వ సూస్తా ఉన్నట్టే ఉంటాది" అని అమ్మ కుంటుకుంటూ దొడ్లోకే వెళ్ళేది. నాకు కోపమొచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

ఇప్పుడు అవ్వ లేదు, నాయన లేడు, దొడ్లో బండ కూడా లేదు. అలమారా అడుగంతా ఉప్పు తినేసింది. ప్లంబరు సింకును పైకెత్తి వెలుతురులో తిప్పి చూశాడు.

"గీత గూడా లేదు మా. మీ అమ్మ బలే జాగర్తగా వాడుకునింది."

ఔనన్నట్టు తలూపాను.