వేపకొమ్మల కంచె

మా అత్తగారికి బాపట్ల శివార్లలో అరెకరం ఇసక నేల ఉంది. తెనాలి నుంచి మేం వెళ్ళినప్పుడల్లా దాన్ని ప్లాట్లకిచ్చేయమని మా ఆయన పోరేవాడు. అంతకుముందు ఏడు ఆవిడ వేసిన వేరుశనగ నిలువునా వడలిపోయింది. మొక్క పీకి చూస్తే వేళ్ళు లేవు. వేరుపురుగు తినేసింది.

"ఈ ఒక్క పంటా పండించుకోనివ్వరా. ఇదీ పోతే నీ ఇష్టం," అంది కొడుకుతో.

ఆవిడ వేపని నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మదు. బియ్యం డబ్బాలో వేపాకు, బట్టల బీరువాలో వేపాకు, పిల్లలకి ఆటలమ్మ పోస్తే పక్క మీద వేపాకు. అందుకే తొలకరి పడగానే విత్తనం వేయించి, పెరట్లో వేపచెట్టు కొమ్మలు కొట్టించి చేను చుట్టూ గట్ల మీద పాతించింది. ఆ చేదుకి పురుగు గట్టు దాటదని ఆవిడ ధీమా.

ఆ ఆదివారం పొద్దుగూకేవేళ ముగ్గురం గట్టు మీదే ఉన్నాం. వేరుపురుగు తల్లులు, గోధుమరంగు పెంకుపురుగులు, ఇసకలోంచి లేచి రొద చేస్తూ బయల్దేరాయి. పక్కనే ఉన్న సరుగుడు తోట వైపు ఒక్కటీ పోలేదు. అన్నీ వేపకొమ్మల మీదే వాలాయి. వడలిన ఆకు వాసన మాకే ముక్కుకి గట్టిగా తగులుతోంది. అనుమానం తీరక నేనొక వేపకొమ్మ పీకి అవతల పడేసి, ఆ గుంటలో మామిడికొమ్మ పాతాను. దాన్ని ఒక్క పురుగూ ముట్టలేదు. పడేసిన వేపకొమ్మని మాత్రం వెతుక్కుంటూ వెళ్ళి మరీ ముసిరాయి.

"కంచే చేను మేయడమంటే ఇదేనమ్మా," అని మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి పురుగులతో పొత్తు కలిసినట్టే ఉన్నాడు.

అత్తగారు కొమ్మ దగ్గరికి వెళ్ళింది. ఒక ఆకు తుంచి, నలిపి, వాసన చూసింది.

"మనకి చేదు గానీ, వాటికి విందులా ఉందే అమ్మాయ్."

"కొమ్మలు పీకించేద్దామా అత్తయ్యా?"

"పీకితే ఎక్కడికి పోతాయో ఏంటో. పిలిచింది మనమేగా, ఇక్కడే పట్టుకుందాం."

పాత చీర ఒకటి కొమ్మ కింద పరిచి దులిపింది. రాలినవాటిని కిరసనాయిలు కలిపిన నీళ్ళ బకెట్లో పోసింది. తల్లిపురుగులు రావడం మానేదాకా రోజూ సందెవేళ అదే పని. కానీ అప్పటికే కొన్ని గుడ్లు పెట్టేసినట్టున్నాయి. గట్ల వారన సాళ్ళు ఎండిపోయాయి. చేను నడుమ మాత్రం పైరు నిలిచింది.

కాయ పీకేటప్పుడు మళ్ళీ వెళ్ళాం. ఉడకబెట్టిన కాయలు పళ్ళెంలో పోసి కొడుకు ముందు పెట్టింది. ఆయన తొక్కలు గుట్ట పడేదాకా తిని, పళ్ళెం ముందుకి జరిపాడు.

"ఇంకాసిని ఉడకెయ్యమ్మా."

"వెయ్యను. మిగతావి విత్తనానికి."