సింగపూర్‌లో మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. "ప్రభువు పిలుచుకున్నాడు" అని పాస్టర్‌గారు చర్చిలో ప్రకటించారు. ప్రభువుకంటే ముందు మగ్గాల దుమ్ము పిలిచిందని లేచి చెబుదామనుకున్నాను. అక్క నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. అక్కడ అననియ్యలేదు కాబట్టి, చదివేవాళ్లారా, ఇక్కడ రాస్తున్నాను.

అమ్మ పోయాక ఆమె చెల్లెలైన ఈ చిన్నమ్మే అక్కనూ నన్నూ పెంచింది. పరాయి రాష్ట్రంలో మనవాళ్ల మగ్గాల పేట పద్మనగర్‌లో ఒక షెడ్డులో నూలు కండెలు చుట్టేది. అక్క నర్సింగ్ చదివి సింగపూర్‌లో ఉద్యోగానికి పోయింది. ఒక ఏడాది క్రిస్మస్‌కు చిన్నమ్మకు విమానం టికెట్ పంపింది. ఒక్కటే టికెట్.

నాకు ఒళ్లు మండింది. "మన నెత్తురు తాగెటోళ్ల బజార్ల లైట్లు చూడవోతవా?" అన్నాను.

ఆమె పెట్టె సర్దుకుంటూ తలెత్తలేదు. "నువ్వు దినాం పుస్తకాలల్ల రష్యా పోయొస్తున్నవ్. నేనేమన్న అన్ననా కొడుకా?"

చాల్‌లో వరస గదులవాళ్లంతా నవ్వారు. నా మంట బజారు మీద కాదని అందరికీ తెలుసు. ప్రతి క్రిస్మస్‌కూ కొత్త బట్టలకు ఆమె వెంట ఉరికేది నేను. ఆ ఏడు పక్కన అక్క నడిచింది. ఈర్ష్య అనండి. ఇప్పటికీ ఉంది.

తిరిగొచ్చాక చుట్టూ మూగిన పిల్లలతో "మస్తు షికారు జేసిన" అంది. హిందీ బడి పిల్లలు నోళ్లు తెరిచారు. వాళ్లకు షికారంటే వేట.

"ఏం చంపినవ్ అమ్మమ్మా? షేర్‌నా?"

"సింహాన్ని గాదు బిడ్డా, దుకాండ్లను. ఒక్కదాన్ని ఇడువలే."

ఒకసారి ఆమెకు కరపత్రం చదివి వినిపించాను: ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మనవి.

"మనయి అన్న గంటలల్ల ఏం జేస్తరు రా?"

"చదువుకుంటరు. మీటింగ్ పెట్టుకుంటరు."

"షికారు పోరా?"

కరపత్రంలో షికారు మాట కోసం వెతికాను. పన్నెండు గంటల షిఫ్టుకు ఆలస్యమవుతోందని ఆమె లేచిపోయింది.

సింగపూర్ సంగతి నేను ఎత్తితే మాత్రం "నీకు కోపమొస్తది తియ్యి" అని అన్నం ముందుకు జరిపేది.

చావుకు సింగపూర్ నుంచి వచ్చిన అక్క జ్ఞాపకార్థ కూటంలో సాక్ష్యం చెప్పింది. చిన్నమ్మ నడిచే మెట్లెక్కి పైకి పోయిందట, దిగిందట, మళ్లీ ఎక్కిందట. ఏదన్నా కొనిస్తానంటే "కొనుడెందుకే, చూడనియ్యి" అందట. ఐస్‌క్రీం తింటూ రోడ్డు మీదే పాట పాడిందట. జనం ఏడుస్తూ నవ్వారు. ఇన్నేళ్లు ఆమెతో ఒకే గది ఖోలీలో ఉన్నాను. ఆమె దగ్గు తెలుసు, నిద్రలో కూడా దారం ముడేసే వేళ్లు తెలుసు. ఆ పాడే మనిషి నాకు తెలియదు. అక్కకు తెలుసు.

బయటికి రాగానే అక్క మీద పడ్డాను. "గవన్ని నాకెందుకు చెప్పలే?"

"అడిగినవా? ఆమె వచ్చినంక నెల దినాలు నా ఫోన్ ఎత్తకుంట మూతి ముడుసుకొని కూసున్నవ్."

"ఇప్పుడు అడుగుతున్న. ఆడ ఎట్ల నడిచేది?"

"ఎట్లేంది? అందరు నడిచినట్టే."

"ఈడ నేను ఆమె నడవంగ చూడలే అక్కా. షెడ్డుకు ఉరుకుడు, నల్లా కాడికి ఉరుకుడు. ఆడ ఎట్ల నడిచిందో చూపియ్యి."

అక్క తన చేతిలోని బైబిల్ నాకిచ్చింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గల్లీలో నడవడం మొదలుపెట్టింది. గాజుల దుకాణం ముందు ఆగింది. తల పక్కకు వంచి ఎర్ర గాజులు చూసింది, పచ్చవి చూసింది. తనలో తానే నవ్వుకుంది. మెల్లగా ఇంకో దుకాణానికి కదిలింది.

వెనక నూలు చుట్టిన ఇనుప బీములతో వచ్చిన టెంపో హారన్ మీద హారన్ కొడుతోంది. డ్రైవర్ తల బయటపెట్టి తిడుతున్నాడు. అక్క తొందరపడలేదు. నేను టెంపోకు అడ్డంగా నిలబడ్డాను.